కార్తీకంలో రెండు రోజుల బ్యాంకాక్ ప్రయాణం: పెద్దావిడతో, పదేళ్ళ పిల్లవాడితో ఎలా కుదుర్చుకోవాలి?

ప్రశ్న: సత్యనారాయణపురం, విజయవాడ

అందరికీ నమస్కారం. ఈ కార్తీకంలో ఒక శని, ఆదివారాలు కలుపుకొని బ్యాంకాక్ వెళ్ళి రావాలని అనుకుంటున్నాము. వెళ్ళేది ముగ్గురం: నేను, మా అమ్మ, ఐదో తరగతి చదువుతున్న మా అబ్బాయి. మా వారికి సెలవు దొరకలేదు. అమ్మకు 66 ఏళ్ళు. ఆరోగ్యం బాగానే ఉంది గాని మోకాళ్ళ నొప్పి వల్ల మెట్లు ఎక్కలేదు. మొన్న దసరాకు ఇంద్రకీలాద్రి మీదికి కూడా లిఫ్టులోనే తీసుకువెళ్ళాము.

నాన్నగారు పోయిన తరువాత అమ్మ ఊరు దాటి వెళ్ళడమే మానేసింది. ఎక్కడికైనా వెళ్దామంటే "నాకెందుకే, మీరు వెళ్ళి రండి" అనే మాటే వస్తుంది. ఈమధ్య టీవీలో ఏదో కార్యక్రమం చూస్తూ, "ఆ పడుకున్న బుద్ధుణ్ణి ఒక్కసారి చూస్తే బాగుండును" అని తనంతట తానే అన్నది. అమ్మ నోట ఒక కోరిక విని ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు లేదు. అందుకే వెంటనే టికెట్లు చూడటం మొదలుపెట్టాను.

శుక్రవారం మధ్యాహ్నం కారులో శంషాబాదు చేరి, అర్ధరాత్రి దాటాక బయలుదేరే విమానం ఎక్కితే శనివారం తెల్లవారేసరికి అక్కడ ఉంటాము. ఆదివారం రాత్రి విమానంలో తిరిగి బయలుదేరి సోమవారం ఉదయానికి ఇంట్లో ఉండాలి. ఇందులో మార్పు కుదరదు, ఎందుకంటే అది కార్తీక సోమవారం. అమ్మ ఉపవాసం ఉండి సాయంత్రం శివాలయంలో దీపం పెట్టుకుంటుంది. ఈ నెలంతా ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు.

ఇక్కడ ఒక ట్రావెల్ ఏజెంటును అడిగితే, బ్యాంకాక్ ఒక్కటే అయితే డబ్బు దండగ అనీ, పట్టాయా కూడా కలిపి ప్యాకేజీ తీసుకోమనీ ఒత్తిడి చేస్తున్నారు. అసలు ఉన్న రెండు పగళ్ళలో ఆమెను అలసిపోనివ్వకుండా ఏమేమి చూపించవచ్చు, ఎక్కడ బస చేస్తే తిరగడం తేలిక, తిండి సంగతి ఎలా అన్నది పెద్దవారితో కలిసి వెళ్ళి వచ్చినవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు: బ్రాడీపేట, గుంటూరు

రెండు రోజులు చాలుతాయండి, పట్టాయాను మాత్రం పూర్తిగా పక్కన పెట్టండి. అది బ్యాంకాక్‌కు దాదాపు 150 కిలోమీటర్ల దూరం. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు రోడ్డు మీదే గడిచిపోతే, ముందు రాత్రి విమానంలో సరిగా నిద్ర లేని మీ అమ్మగారికి మిగిలేది ఒళ్ళు నొప్పులే. ఆమె చూడాలన్నది సముద్రాన్ని కాదు గదా.

నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి స్నేహితులతో వెళ్ళి, పన్నెండు చోట్లు జాబితా రాసుకుని, సగం సమయం ట్రాఫిక్‌లో పోగొట్టుకున్నాను. రెండవసారి మా అమ్మానాన్నలతో వెళ్ళినప్పుడు నది పక్కనే బస చేసి, నది వెంటే తిరిగాము; ఆ ప్రయాణాన్ని మా ఇంట్లో ఇప్పటికీ తలచుకుంటారు. చావో ఫ్రాయా నది ఊరి నడుమ నుంచి పారుతుంది, దాని మీద పడవలు మన సిటీ బస్సుల్లాగా రేవు రేవుకూ ఆగుతూ జనాన్ని చేరవేస్తాయి. నారింజ రంగు జెండా ఉన్న పడవకు మేము వెళ్ళినప్పుడు మనిషికి 16 బాత్‌లు. మన రూపాయల్లో ఒక బాత్ రెండున్నరకు పైనే అనుకొని లెక్క వేసుకోండి.

కాబట్టి సఫాన్ తక్సిన్ స్టేషను దగ్గర హోటలు చూసుకోండి. అక్కడ స్కైట్రైన్ దిగితే కిందనే సాథోన్ రేవు ఉంటుంది. ఒక్క మాట మాత్రం తప్పక పాటించండి: గదిని శనివారం నుంచి కాదు, శుక్రవారం రాత్రి నుంచే తీసుకోండి. మీరు చేరేది తెల్లవారుజామున, హోటళ్ళు గది ఇచ్చేది మధ్యాహ్నం రెండు గంటలకు. ఆ ఒక్క రాత్రి అద్దె అదనంగా పోయినా, దిగగానే మీ అమ్మగారు స్నానం చేసి రెండు మూడు గంటలు నడుము వాల్చగలుగుతారు. మా నాన్నగారు సామాను దగ్గర కూర్చుని హోటలు హాలులో కునికిపాట్లు పడిన దృశ్యం నేను మరచిపోలేను, అది నేను పైసలు చూసుకుని చేసిన పొరపాటు.

సువర్ణభూమి విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి రైలు ఉంది గాని, సామానుతో రెండు చోట్ల మారాలి. మీరు టాక్సీలోనే వెళ్ళండి. కింది అంతస్తులో యంత్రం నుంచి చీటీ తీసుకుంటే అందులో ఉన్న నంబరు దగ్గర మీ కారు ఉంటుంది. మీటరు 35 బాత్‌లతో మొదలవుతుంది. విమానాశ్రయం రుసుము 50, టోలు విడిగా ఇవ్వాలి. మీటరు వేయనన్నవారి కారు ఎక్కవద్దు.

శనివారం పదకొండు దాటాక బయలుదేరి నేరుగా ఆ పడుకున్న బుద్ధుడి గుడి వాట్ ఫోకు వెళ్ళండి. మీ అమ్మగారి కోరిక అదే కాబట్టి మొదట అదే తీరాలి. శయన బుద్ధుడు 46 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తు. తల దగ్గర నిలబడితే పాదాలు ఎక్కడో దూరంగా ఉంటాయి. ఆ అరికాళ్ళ మీద ముత్యపు చిప్పతో 108 మంగళ చిహ్నాలు పొదిగారు. వీపు వెనక గోడ వెంబడి 108 కంచు పాత్రలు వరుసగా ఉంటాయి, చిల్లర నాణేలు తీసుకుని ఒక్కొక్క పాత్రలో ఒక్కొక్కటి వేసుకుంటూ నడవాలి. మా అమ్మ ఆ నాణేలు వేస్తూ అష్టోత్తరం చదువుకుంది. మీ అబ్బాయికి కూడా ఆ పని ఎంతో నచ్చుతుంది.

అక్కడి నుంచి థా తియెన్ రేవు నాలుగడుగులు. అవతలి ఒడ్డున వాట్ అరుణ్, అంటే సూర్యుని సారథి అరుణుని పేరు మీద ఉన్న గుడి. దాని శిఖరం మీద పింగాణీ ముక్కలు పొదిగి ఉంటాయి. అయితే మెట్లు చాలా నిటారుగా ఉంటాయి, ఎక్కే ఆలోచన పెట్టుకోకండి. ఇవతలి ఒడ్డున కూర్చుని పొద్దు గూకేటప్పుడు చూడటమే దాని అందం.

గ్రాండ్ ప్యాలెస్‌ను ఆదివారం ఉదయానికి ఉంచుకోండి. 8.30కు తెరుస్తారు, టికెట్లు మధ్యాహ్నం 3.30 వరకే ఇస్తారు. విదేశీయులకు 500 బాత్‌లు. మోకాళ్ళు కనిపించే నిక్కర్లతో లోపలికి పంపరు, అబ్బాయికి ఫుల్ ప్యాంటు వేయండి. మీ అమ్మగారి చీరకు ఏ ఇబ్బందీ లేదు.

చివరగా నాకు జరిగింది చెబుతాను. మొదటిసారి ప్యాలెస్ గోడ పక్కన నడుస్తుండగా చక్కగా దుస్తులు వేసుకున్న ఒకాయన వచ్చి, ఈ రోజు ప్రత్యేక పూజ వల్ల మధ్యాహ్నం దాకా మూసి ఉంటుందనీ, ఈలోగా టుక్‌టుక్‌లో 20 బాత్‌లకే ఊరంతా చూడవచ్చనీ చెప్పాడు. ఆ టుక్‌టుక్ మమ్మల్ని ఒక రత్నాల దుకాణానికి తీసుకువెళ్ళింది. అక్కడ కొన్న నీలం ఉంగరాన్ని గుంటూరులో చూపిస్తే, నేను పెట్టిన డబ్బులో పదో వంతు కూడా చేయదన్నారు. ప్యాలెస్ ఆ రోజంతా తెరిచే ఉంది. ఎవరు ఏమి చెప్పినా గేటు దాకా వెళ్ళి మీ కళ్ళతో చూసిన తరువాతే నమ్మండి.

జవాబు: పటమట, విజయవాడ

తిండి సంగతి నేను చెబుతానండి, ఎందుకంటే మా అత్తగారు కూడా ఉల్లి, వెల్లుల్లి తినరు, ఆవిడను తీసుకుని వెళ్ళి వచ్చాను.

అక్కడ "వెజిటేరియన్" అన్న మాటను నమ్ముకుంటే ఇబ్బంది పడతారు. మాంసం ముక్కలు లేకపోతే చాలు శాకాహారమే అని వాళ్ళు నిజంగానే అనుకుంటారు, మోసం కాదు. చేపల నుంచి తీసిన పులుసు లాంటి నామ్ ప్లా దాదాపు ప్రతి వంటలోనూ మనం ఉప్పు వేసినట్టు వేస్తారు. బొప్పాయి కాయ కోరుతో చేసే సోమ్ తమ్ చూడటానికి మన పచ్చడిలాగా ఉంటుంది గాని అందులో ఎండు రొయ్యలు పడతాయి. ఫాద్ థాయ్‌లోనూ అంతే.

మీరు పట్టుకోవలసిన మాట "జే". చైనా వారి సంప్రదాయం నుంచి వచ్చిన నియమాహారం అది. మాంసం, చేప, గుడ్డు, పాలతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. అంటే మీ అమ్మగారి కార్తీక నియమానికి అతికినట్టు సరిపోతుంది. పసుపు పచ్చని జెండా మీద ఎర్రటి అక్షరాలు, మన కంటికి 17 అంకెలాగా కనిపిస్తాయి. ఆ గుర్తు ఉన్న బండి దగ్గర నిశ్చింతగా తినవచ్చు. "కిన్ జే ఖా" అని చెబితే అర్థం చేసుకుంటారు. ఆడవారు మాట చివర "ఖా" అనాలి, మీ అబ్బాయి మాట్లాడితే "ఖ్రప్" అనాలి. మన దసరా నవరాత్రుల రోజుల్లోనే వాళ్ళకు తొమ్మిది రోజుల జే పండుగ వస్తుంది, అప్పుడైతే వీధి వీధినా ఆ జెండాలే. కార్తీకానికి అది అయిపోతుంది కాబట్టి కొంచెం వెతుక్కోవాలి. చైనా వారి పేట యావరాత్‌లో దొరుకుతాయి.

దానికి దగ్గరలోనే ఫాహురత్ అనే పేట ఉంది. మన వాళ్ళ బట్టల దుకాణాలు, బంగారు గుమ్మటం ఉన్న గురుద్వారా, ఉత్తరాది శాకాహార భోజనశాలలు అన్నీ అక్కడే ఉంటాయి. దాన్ని ఆనుకుని ఉన్న సాంపెంగ్ సందులో నడుస్తుంటే నాకు మన వన్‌టౌన్ హోల్‌సేల్ సందులే గుర్తుకు వచ్చాయి, మనిషికి మనిషి తగలకుండా నడవలేము. మీ అమ్మగారితో ఆ సందులోకి మాత్రం వెళ్ళకండి.

అయినా రెండు పూటల కోసం ఊరంతా వెతకడం ఎందుకు? నేను చేసినది చెబుతాను. అటుకులు, పులిహోర పొడి, వేయించిన కందిపొడి, చిన్న కుక్కరు తీసుకువెళ్ళాను. ఊరగాయ సీసాను పెద్ద సామానులో పెట్టాలి, చేతిసంచిలో నూనె పచ్చళ్ళు ఆపేస్తారు. గదిలో వండుకోవచ్చో లేదో హోటలును ముందే అడగండి. పళ్ళు, కొబ్బరినీళ్ళు అడుగడుగునా దొరుకుతాయి. కొబ్బరిపాలతో ఉడికించిన జిగురు అన్నం మీద మామిడిపండు ముక్కలు పెట్టి ఇచ్చే మిఠాయిని మా అత్తగారు రెండు రోజులూ తిన్నారు.

కాగితాల విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి, పిల్లవాడిది కూడా చూసుకోండి, పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్ళకే అయిపోతుంది. 2024 జూలైలో భారతీయులను వీసా లేకుండా 60 రోజులకు రానివ్వడం మొదలుపెట్టారు. ఇటువంటి నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్టు కొనే ముందు థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైటు ఒకసారి చూడండి. 2025 మే 1 నుంచి మాత్రం ప్రతి ఒక్కరూ, పసిపిల్లలతో సహా, చేరడానికి ముందు మూడు రోజుల లోపల డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైటు ఏదైనా అది ప్రభుత్వానిది కాదు.

ప్రశ్న అడిగినవారు: సత్యనారాయణపురం

ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పట్టాయా ఆలోచన వదిలేశాము, ఏజెంటుకు కూడా చెప్పేశాను. పిల్లవాడి పాస్‌పోర్టు గడువు మాట చదివి వెంటనే తీసి చూస్తే వచ్చే ఫిబ్రవరితో అయిపోతున్నది. ఈ రోజే కొత్త దానికి దరఖాస్తు పెట్టాను. మీరు చెప్పి ఉండకపోతే శంషాబాదు నుంచే వెనక్కి వచ్చేవాళ్ళము.

ఒక్క సందేహం మిగిలింది. ప్యాలెస్‌లో ఎంత దూరం నడవవలసి ఉంటుంది? అమ్మ ఆపకుండా అర కిలోమీటరు నడవగలదు, తరువాత కూర్చోవాలి. ఆదివారం మధ్యాహ్నం అబ్బాయికి నచ్చేది కూడా ఏదైనా ఉంటే చెప్పండి, పాపం వాడు మా వెంట గుళ్ళే తిరుగుతున్నాడు.

జవాబు: అరండల్‌పేట, గుంటూరు

అమ్మా, నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నా మాట కొంచెం వేరుగా ఉంటుంది. మీ అమ్మగారి మోకాళ్ళ స్థితి చూస్తే, ప్యాలెస్‌కు బదులు దానికి ఉత్తరాన, కిలోమీటరు దూరంలో ఉన్న నేషనల్ మ్యూజియం చూపించమని నేను చెబుతాను. ప్యాలెస్‌లో నీడ తక్కువ, జనం ఎక్కువ, కూర్చునే చోట్లు బహు తక్కువ. మ్యూజియం సోమ, మంగళవారాలు సెలవు, ఆదివారం తెరిచే ఉంటుంది.

మన గుంటూరు సీమ వారికి అక్కడ ఒక ప్రత్యేకమైన పని ఉన్నది. సుమారు ఆరో శతాబ్దం నుంచి మధ్య థాయ్‌లాండ్‌లో వర్ధిల్లిన ద్వారవతి అనే రాజ్యం నాటి శిల్పాలు ఆ మ్యూజియంలో ఉన్నాయి. రాతిలో చెక్కిన పెద్ద ధర్మచక్రాలను చూసి నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ద్వారవతి కళ మీద గుప్తుల శైలితో పాటు అమరావతి శైలి ప్రభావం కూడా ఉన్నదని కళాచరిత్రకారులు ఏనాడో గుర్తించారు. అమరావతి స్తూపం పలకల మీది చక్రాలను చిన్నప్పటి నుంచి చూసినవాడికి, బంగాళాఖాతం అవతల ఆ చక్రమే కనిపిస్తే కలిగే సంతోషం మాటల్లో చెప్పలేను. మన కృష్ణ ఒడ్డు నుంచి ఓడలెక్కిన వర్తకులూ, భిక్షువులూ మోసుకువెళ్ళినది సరుకు మాత్రమే కాదు. మీ అబ్బాయికి ఈ మాట అక్కడ నిలబెట్టి చెప్పండి.

ఆ ఊరి పేరు కూడా వాడికి నేర్పండి. మనం బ్యాంకాక్ అంటాము గాని వాళ్ళు క్రుంగ్ థేప్ అంటారు, అంటే దేవతల నగరం. పూర్తి పేరు పాళీ, సంస్కృత పదాలతో అల్లిన పెద్ద సమాసం. మహానగర, అమర, రత్న, ఇంద్ర, అయోధ్య, విష్ణుకర్మ అన్నీ అందులో వినిపిస్తాయి.

మీ అమ్మగారికి చెప్పవలసినది మరొకటి. మన కార్తీక పౌర్ణమి నాడు కృష్ణలో అరటి దొప్పల మీద దీపాలు వదులుతాము గదా, వాళ్ళ పన్నెండవ చాంద్రమాసపు పౌర్ణమి సాధారణంగా అదే రోజు వస్తుంది. ఆ రాత్రి అరటి బోదె ముక్క మీద ఆకులు, పూలు, అగరొత్తి, దీపం అమర్చి నీటిలో వదిలే పండుగను లోయ్ క్రథోంగ్ అంటారు. అప్పుడు వాళ్ళు మొక్కుకునే నదీమాత పేరు మే ఖోంగ్‌ఖా. ఖోంగ్‌ఖా అంటే మన గంగే. అయితే ఆ రోజున రేవుల దగ్గర నిలబడటానికి చోటుండదు, ఆమెతో ఆ రాత్రి వెళ్ళకపోవడమే మంచిది.

పిల్లవాడి కోసం లుంఫినీ పార్కు ఉన్నది. బుద్ధుడు పుట్టిన లుంబినీ పేరు పెట్టిన ఆ తోట 140 ఎకరాలకు పైగా ఉంటుంది. చెరువు గట్ల మీద మనిషంత పొడవు నీటి ఉడుములు తీరికగా తిరుగుతుంటాయి. దగ్గరికి వెళ్ళకుండా దూరం నుంచి చూస్తే అవి ఎవరి జోలికీ రావు. మీ అమ్మగారు చెట్టు నీడన బెంచీ మీద కూర్చోవచ్చు. అక్కడికి చేరువలోనే, సీలోమ్ రోడ్డులో, పందొమ్మిదో శతాబ్దంలో వలస వెళ్ళిన తమిళులు కట్టిన మారియమ్మ గుడి ఉన్నది. దీపం పెట్టుకోవాలనిపిస్తే అక్కడ కుదురుతుంది.

జవాబు: బ్రాడీపేట, గుంటూరు

మాస్టారి మాట కాదనడానికి నాకు మనసు రావడం లేదు గాని, ప్యాలెస్ విషయంలో నాది వేరే అభిప్రాయం. అందులోని వాట్ ఫ్రా కేవ్ గుడి చుట్టూ ఉన్న వసారా గోడల మీద రామాయణం మొత్తం 178 ఘట్టాలుగా చిత్రించి ఉన్నది, దాన్ని వాళ్ళు రామకియెన్ అంటారు. జనకుడు పొలం దున్నుతుండగా సీత దొరకడంతో బొమ్మలు మొదలవుతాయి. వసారాకు పైకప్పు ఉంటుంది కాబట్టి ఎండ తగలదు, నాలుగు బొమ్మలకొకసారి ఆగుతూ నడిస్తే మోకాళ్ళకు కూడా భారం కాదు. మా అమ్మకు ఒక్క అక్షరం థాయ్ రాదు. అయినా ప్రతి బొమ్మ ముందూ ఆగి ఇది ఫలానా ఘట్టమని ఆవిడే మాకు చెప్పింది. తోత్సకన్ అని వాళ్ళు పిలిచేది దశకంఠుణ్ణే, ఆకుపచ్చని ఒంటి రంగు చూసి గుర్తుపట్టాలి. హనుమంతుడు మాత్రం వాళ్ళ కథలో బ్రహ్మచారి కాడు, రావణుడి కూతురైన మత్స్యకన్యను వలచి పెళ్ళాడతాడు. ఆ బొమ్మ దగ్గర మా అమ్మ చాలా బాధపడింది, మీ అమ్మగారికి ముందే చెప్పి తీసుకువెళ్ళండి.

మిగిలిన రాజభవనాలన్నీ తిరగనక్కరలేదు. 8.30కే లోపల ఉంటే పదిన్నరకు బయటపడవచ్చు. గుడి లోపల చెప్పులు విప్పాలి, ఎండలో గచ్చు కాలుతుంది, పలుచని మేజోళ్ళు వెంట ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు: సత్యనారాయణపురం

మాస్టారికీ, మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రాత్రి భోజనాలయ్యాక ఈ జవాబులన్నీ అమ్మకు చదివి వినిపించాను. గంగ పేరు అంత దూరాన కూడా ఉన్నదని విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత హనుమంతుడి పెళ్ళి సంగతి మళ్ళీ చదవమన్నది; "వాళ్ళ కథ వాళ్ళది లేవే" అని ఊరుకుంది.

మాస్టారూ, మ్యూజియం శనివారం కూడా తెరిచే ఉంటుంది కాబట్టి, అమ్మకు ఓపిక ఉంటే వాట్ ఫో తరువాత ఒక గంట అక్కడికి వెళ్తాము, లేకపోతే మానుకుంటాము. మేము వెళ్ళేది పౌర్ణమికి ముందు వారం కనుక రద్దీ భయం లేదు. ఆదివారం పొద్దున ప్యాలెస్, మధ్యాహ్నం ఉడుములు, ఆ తరువాత మారియమ్మ గుడి. హోటలు సఫాన్ తక్సిన్ దగ్గర, శుక్రవారం రాత్రి నుంచే తీసుకున్నాము. గదిలో వంటకు ఒప్పుకోలేదు, వేడినీళ్ళు ఇస్తామన్నారు, అందుకని అటుకులు, పొడులు సర్దుతున్నాను. అమ్మ మాత్రం వాట్ ఫోలో వేయడానికి మన రూపాయి బిళ్ళలే 108 లెక్కపెట్టి గుడ్డలో మూట కట్టింది. అక్కడి నాణేలే వేయాలా, మనవి వేసినా ఫరవాలేదా అన్నది బ్రాడీపేట వారు వీలైతే చెప్పగలరు.